మా అంగడి వైపు చూసే స్వామి

నంద్యాలలో మా బజారు రోడ్డు తిన్నగా వచ్చి ఒకచోట ఉన్నట్టుండి వంగుతుంది. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు అక్కడ బ్రేకు తొక్కి, ఈ రోడ్డు వేసినవాణ్ణి నాలుగు మాటలు తిట్టి ముందుకు పోతారు. వేసినవాడు ఎవడో నాకు తెలుసు. ఎందుకు వంచాడో కూడా తెలుసు. ఆ వంపులో మొన్నమొన్నటి దాకా మా అంగడి ఉండేది.

తాళ్ల అంగడి మాది. మోకులు, పగ్గాలు, గోతాలు, చాటలు, జల్లెడలు, ఎద్దుల మెడకు కట్టే గంటలు. నా భర్త తండ్రి, అంటే మా మామ, దాన్ని ఆయన నాయన దగ్గర నుంచి తీసుకుని నడిపాడు. నా భర్తకు గోతాల దుమ్ము చిన్నప్పటి నుంచీ పడదు. తుమ్మి తుమ్మి విసిగి విత్తనాల కంపెనీలో చేరాడు, ఎప్పుడూ ఊళ్ల మీదే ఉంటాడు. అందుకని పెళ్లయిన కొన్నాళ్లకే గల్లాపెట్టె పక్కన రెండో పీట నాదయింది. నేను ఆళ్లగడ్డ పిల్లను. రాళ్లు చెక్కే చప్పుడు మధ్య పెరిగినదాన్ని కాబట్టి గొంతు కొంచెం పెద్దది. రుద్రవరం వైపు నుంచి వచ్చే రైతులు, "శెట్టీ, నీ కోడలు నీ మాదిరి కాదప్పా, బేరంలో దారం కూడా వదలదు" అని ఎకసెక్కెం ఆడేవాళ్లు. మామ మీసాల్లో నవ్వుకునేవాడు. నేనూ బింకంగా కూర్చునేదాన్ని. ఆ పీట మీద కూర్చుంటే నాకు ఎవరికీ భయపడాల్సిన పని లేదనిపించేది.

తర్వాత నంద్యాల జిల్లా అయింది. ఊరంతా టపాకాయలు కాల్చింది, మేమూ కాల్చాం. జిల్లా అయితే బజారు పెరుగుతుందనుకున్నాం. పెరిగింది ఊరి బయట. ఆఫీసులు బయట, ప్లాట్లు బయట, గాజు అద్దాల అంగళ్లు బయట. మా బజారుకు వచ్చింది మురుగు ఒక్కటే. వాన గట్టిగా పడితే కాలువ పొంగి గోతాల అడుగు వరస నానిపోయేది. ఎండితే వాసన. ఆ వాసనకు ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేవాళ్లు, కొన్నాళ్లకు రావడం మానేశారు. మా పక్కన గాజుల అంగడి మూతపడింది. దాని షట్టరు మీద ఒక పార్టీ వాళ్ల పోస్టరు, దాని మీద ఇంకో పార్టీ వాళ్ల పోస్టరు అంటించుకుంటూ పోయారు. ఆ షట్టరు తెరిచే మనిషి రాడని అందరికంటే ముందు వాళ్లకే తెలిసినట్టుంది.

అలాంటి రోజుల్లో గోడలకు ఎర్రరంగు గీతలు గీశారు. ఊరి బయట కొత్త ఆఫీసులకు పోవడానికి పెద్ద రోడ్డు కావాలట, అది మా బజారు మీదుగా పోవాలట. ఇక్కడ బజారు ఎట్లా ఉండేదో చెప్పాలి. తూర్పు నుంచి పడమరకు పోయే వీధి. ఉత్తరాన ఒక వరస అంగళ్లు, దక్షిణాన ఒక వరస. మాది దక్షిణం వరస. గీతలు రెండు వరసల్లోనూ సమానంగా పడ్డాయి. ప్రతి అంగడిలోనూ ముందు సగం రోడ్డుకు పోతుంది, వెనక సగం మిగులుతుంది.

మామ ఆ సగంలో అటూ ఇటూ నడిచి చూశాడు. "గల్లాపెట్టె పెడితే మోకులకు జాగా ల్యా. మోకులు పెడితే మనకు జాగా ల్యా. ఇంగ ఎట్లమ్మా?" అన్నాడు. జాగా మా సొంతం కూడా కాదు, తాతల కాలం నాటి లీజు. పోతే గోడల విలువ కట్టి ఇస్తారు, అంతే. నాకు ఆ రోజు అన్నం గొంతు దిగలేదు. అంగడి పోతే మా ఇంట్లో ఎవరం ఏమవుతామో నేను ఒక్కొక్కరినీ తలచుకుని చూశాను. నా భర్త ఉద్యోగం చేసుకుంటాడు. మామ, నేను మాత్రం ఎందుకూ పనికిరాని మనుషులమవుతాం.

రెండు వరసల వాళ్లూ మా అంగట్లోనే కూడారు. గోతాల మీద కూర్చుని ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. అర్జీలు ఇచ్చి చూశామన్నారు. కోర్టుకు పోతే మన మనవళ్లకు తీర్పు వస్తుందన్నారు. ఎదురు వరసలో మా అంగడికి ఎదురుగానే పాత్రల అంగడి నడిపే అక్క ఒకామె ఉంది. నాకు బజారులో ఉన్న ఒకే ఒక్క స్నేహం ఆమె. మధ్యాహ్నం కూరలు మార్చుకునేవాళ్లం. ఆమె భర్త, బజారు మొదట్లో ఒక నాయకుడి విగ్రహం నిలబెడితే అధికారులు దాని జోలికి రారని ఉపాయం చెప్పాడు. అప్పుడు మామ లేచాడు.

"నాయకుని బొమ్మ పెడితే ఏమైతాదప్పా? రేపు ఇంగో పార్టీ వస్తాది. బొమ్మతో పాటు మననూ పీకి పారేస్తారు. దేవునికి పార్టీ ల్యా. ఆంజనేయస్వామిని పెడదాం. ప్రతిష్ఠ చేసిన స్వామిని కదిలించినోడు యాడన్నా ఉండాడా?"

అందరూ ఒకేసారి మాట్లాడారు. మా మామ అంత తెలివైనవాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఎదుటివాళ్ల ముందు పొంగిపోయానని ఎందుకు దాచుకోవాలి, పొంగిపోయాను.

స్వామిని చెక్కించడానికి ఆళ్లగడ్డకు నన్నే పంపారు. మా పుట్టింటి పక్కనే రాతిపని చేసే ఆయన ఉన్నాడు, చిన్నాయనా అని పిలుస్తాను. ఆయన పాకలో దేవుళ్లకు ఒక పక్క, నాయకులకు ఒక పక్క. నాయకులు చాలామంది గోతాలు కప్పుకుని వరసగా నిలబడి ఉన్నారు. వీళ్లెవరు చిన్నాయనా అంటే నవ్వాడు. "ఎలక్షన్ల ముందర చేపిచ్చినారు పాపా. ఓడిపోయినాక ఎవురూ తీసకపోలా. ఇంగో ఐదేండ్లు ఈడనే ఉంటారు. మళ్లా గెలిస్తే వచ్చి, బేగా పంపించు అంటారు."

నేనూ నవ్వాను. మా మామ ఎంత సరిగా చెప్పాడో అనుకున్నాను. చిన్నాయన రాయి చూపించి, చేతులు తుడుచుకుని అడిగాడు. "యా దిక్కుకు చూస్తాడు పాపా స్వామి?"

నాకు తెలియదన్నాను.

"బజార్లో కాపుకు పెట్టే స్వామి దక్షిణం చూడాల. ఉత్తరం పక్క నిలబెట్టి దక్షిణానికి చూడనియ్యండి. అట్లయితేనే కాపు. ఇంగో దిక్కైతే నేను చేసియ్యను."

ఫోను చేసి మామకు చెప్పాను. ఉత్తరం వరసలో నిలబడి దక్షిణం చూస్తే ఆ చూపు నేరుగా మా వరస మీద పడుతుంది. మామ గొంతు పసిపిల్లవాడి గొంతయింది. "మన కల్ల చూస్తాడమ్మా! మన అంగడి కల్లనే చూస్తాడు!" అన్నాడు. నేను చిన్నాయనకు సరేనని చెప్పి, గోతాలు కప్పుకున్న నాయకుల పక్కనుంచి సంతోషంగా బయటికి వచ్చాను.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. స్వామిని నీళ్ల తొట్టిలో ఉంచారు, తర్వాత వడ్లలో ఉంచారు. ఆ వడ్లు పోసింది మా అంగడి గోతాల్లోనే. పాత్రల అక్క తన అంగట్లో ఉన్న పెద్ద గంగాళం తెచ్చి ఇచ్చింది. ఉత్తరం వరసలో, అక్క అంగడి పక్కన చిన్న గూడు కట్టి స్వామిని నిలబెట్టారు. అప్పుడు పదవిలో ఉన్న నాయకుడు తన మొహం ఉన్న ఫ్లెక్సీలతో వచ్చి, తన పేరు చెక్కిన శిలాఫలకం మీద గుడ్డ లాగి, "స్వామి ఉన్నంతకాలం ఈ బజారు మీద చెయ్యి ఏసేటోడు పుట్టల్యా" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. రోజూ పొద్దున నైవేద్యం పెట్టే బాధ్యత మామ తీసుకున్నాడు. ఒకసారి మొదలుపెట్టాక ఒక్క పూట కూడా తప్పకూడదని పురోహితుడు చెప్పాడు. తప్పనని మామ అందరి ముందూ మాట ఇచ్చాడు.

ఆ తర్వాత కొలతల వాళ్లు రాలేదు. గోడల మీద ఎర్రగీతలు ఎండకు వెలిసిపోయాయి. మామ ఆ గీతల మీద సున్నం కొట్టించాడు. నేను మళ్లీ అన్నం తిన్నాను, గొంతు పెంచి బేరాలాడాను. మురుగు అట్లాగే ఉంది, గిరాకీ అట్లాగే తగ్గుతూ ఉంది. అయినా అంగడి ఉంది కదా అనుకున్నాం.

ఎలక్షన్లు వచ్చాయి, ప్రభుత్వం మారింది. కొత్త నాయకుడు స్వామి దర్శనానికి వచ్చాడు. ఆయన మనుషులు ముందురోజే వచ్చి పాత శిలాఫలకం పీకి, ఆయన పేరున్న కొత్త ఫలకం అతికించారు. స్వామిని ఎవరు తెచ్చారో చదివితే తెలిసేలా మా బజారు మనుషుల పేరు ఆ ఫలకం మీదా లేదు, ఈ ఫలకం మీదా లేదు. మామ చేతులు కట్టుకుని రోడ్డు సంగతి అడిగాడు. నాయకుడు మామ భుజం మీద చెయ్యి వేశాడు. "స్వామిని మేం ముట్టుకుంటామా శెట్టీ? సచ్చినా ముట్టుకోం." మళ్లీ చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టడంలో మా బజారుకు సాటి లేదు.

ఆయన మాట తప్పలేదు. స్వామిని ముట్టుకోలేదు.

కొలతల వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి రంగు పసుపుపచ్చ. ఉత్తరం వరసలో ఒక్క గీత కూడా గీయలేదు. మా అంగట్లోకి వచ్చి మోకుల చుట్టలు పక్కకు జరిపించి, వెనక గోడ మీద గీశారు.

మామకు అర్థం కాలేదు. "ఏందప్పా ఇది? యాడ గీస్తాండావు? అది వెనక గోడ" అన్నాడు.

కొలతల వాళ్లతో వచ్చిన ఇంజనీరు కుర్రవాడే, మర్యాదస్తుడే. తల వంచుకుని చెప్పాడు. "ఆ పక్క స్వామి ఉండాడు కదా పెద్దాయనా. ఆ వరస ముట్టుకోను కుదరదంట, పైనుంచి చెప్పినారు. రోడ్డుకు ఎంత కావాల్నో అంతా ఈ పక్కనే తీసుకోవాల."

స్వామి లేకపోతే సగం అంగడి పోయేది. స్వామి ఉన్నందుకు మొత్తం పోతోంది. నేను వెనక గోడ మీద ఆ పచ్చగీతను చూస్తూ నిలబడ్డాను. మామ నెమ్మదిగా పీట మీద కూర్చుని, వీధికి అవతల మా వైపే చూస్తున్న స్వామిని చూశాడు.

ఆ వారమంతా తిరగని గడప లేదు. పదవి పోయిన నాయకుడి ఇంటికి పోతే, "మేం ఉంటే ఇట్ల కానిస్తామా?" అని ఫోటో తీయించుకున్నాడు. పదవిలో ఉన్న నాయకుడి ఇంటికి పోతే, అన్న లేడు, రేపు రమ్మన్నారు. రేపు పోతే అన్న నిద్రపోతున్నాడన్నారు. ఆ ఇంటి ముందు ఎండలో నిలబడి, ఇంత బతుకు బతికి ఇట్లా ఒకడి నిద్ర తేలేదాకా కాచుకోవాల్సి వచ్చిందే అని నేను పైకే అన్నాను. గేటు దగ్గర మనిషి నన్ను వింతగా చూశాడు.

చివరికి మామ రెండు వరసల వాళ్లనూ మళ్లీ పిలిచాడు. స్వామిని కొంచెం వెనక్కి జరుపుదాం, అప్పుడు రెండు పక్కలా సమానంగా తీసుకుంటారు, అందరికీ సగం సగం మిగులుతుందని బతిమాలాడు. దక్షిణం వరస వాళ్లం ఒక పక్క కూర్చున్నాం, ఉత్తరం వరస వాళ్లు ఒక పక్క. అంతకుముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరూ చూసుకునేవాళ్లు కాదు. పాత్రల అక్క భర్త గొంతు సవరించుకున్నాడు.

"ప్రతిష్ఠ చేసిన స్వామిని ఎట్ల కదిలిస్తామన్నా? అట్ల కదిలించినోడు యాడన్నా ఉండాడా అని నువ్వే చెప్పినావు గదా."

అక్క వైపు చూశాను. ఆమె నేల మీద చాప పోగులు పీకుతూ కూర్చుంది. ఆమెను తిట్టాలనిపించింది. కానీ పచ్చగీత ఆ వరసలో పడి ఉంటే నేనూ అట్లాగే చాప పోగులు పీకి ఉండేదాన్నని అప్పుడే తెలిసింది. కూరలు మార్చుకోవడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది.

కూల్చిన రోజు పొద్దున మామ ఎప్పటిలాగే స్నానం చేసి, నైవేద్యం తీసుకుని స్వామి దగ్గరికి పోయాడు. మా వరస చివర జేసీబీ నిలబడి ఉంది. మోకులు, గోతాలు అప్పటికే ఇంటికి చేర్చాం. నేను ఖాళీ అంగట్లో ఊరికే నిలబడ్డాను, ఎవరో వచ్చి బయటికి రమ్మంటే వచ్చాను. నైవేద్యం పెట్టేటప్పుడు స్వామి ముందు చిన్న తెర లాగుతారు, ఆయన ఆరగించాక తీసేస్తారు. మామ తెర లాగాడు. నైవేద్యం అయిపోయింది, తెర తీయలేదు. జేసీబీ మా అంగడి దాకా వచ్చింది, తెర తీయలేదు. నేను వీధి దాటి పోయి, "మామా, తెర" అన్నాను.

"ఉండనీమ్మా. ఆయప్ప ఇది చూడాల్సిన పని ల్యా" అన్నాడు.

మా ముందు గోడ, గల్లాపెట్టె ఉన్న చోటు, పచ్చగీత ఉన్న వెనక గోడ, అన్నీ ఆ పొద్దు గడవకముందే పోయాయి. దుమ్ము ఆ తెర మీద పడింది. మామ ఆ తెరకు వీపు పెట్టి నిలబడి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏడవకుండా ఉండటానికి నేను పళ్లు బిగించి బిగించి దవడలు నొప్పెట్టాయి.

పోనీ, అంత పోగొట్టుకున్నందుకు రోడ్డయినా బాగుపడిందా అంటే అదీ లేదు. కంకర పరిచారు. కాంట్రాక్టరుకూ పై వాళ్లకూ ఏదో పేచీ వచ్చింది, పని ఆగిపోయింది. కాలువ పగలగొట్టి వదిలేశారు, మురుగు ఇప్పుడు రోడ్డు మీదనే నడుస్తుంది. లారీలు పోతే దుమ్ము, వాన పడితే బురద. ఉత్తరం వరస అంగళ్లు నిలిచాయి, గిరాకీ నిలవలేదు. పాత్రల అక్క పొద్దంతా గిన్నెల మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంటుంది. కొనేవాళ్లు లేని అంగడి కాపాడుకోవడానికా మేం స్వామిని తెచ్చింది అని రోజూ అనుకుంటాను. గెలిచినవాళ్లెవరో తెలిస్తే కనీసం వాళ్లనైనా తిట్టుకుందును.

మేం ఇంట్లోనే వసారాలో మోకులు వేలాడదీశాం. రుద్రవరం రైతులు బజారుకు వచ్చి, అంగడి లేకపోతే వెనక్కి పోతున్నారు. ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలియదు. మామ మాత్రం రోజూ పొద్దున నైవేద్యం తీసుకుని పోతాడు. మాట ఇచ్చాడు కదా. ఇంటి నుంచి స్వామి దగ్గరికి పోవాలంటే ఆ రోడ్డు దాటాలి. దాటుతూ దాటుతూ మధ్యలో ఒకచోట ఆగిపోతాడు. అక్కడ గల్లాపెట్టె ఉండేది. లారీలు హారన్లు కొట్టినా కదలడు. ఒక డ్రైవరు తల బయట పెట్టి, "ఏమి ముసలాయనా, సావాలని ఉండాదా?" అని అరిచాడు. మామ అతని వైపు చూసిన చూపు చూశాక నాకు నిజంగా భయం పట్టుకుంది. అప్పటి నుంచి నేనూ చెయ్యి పట్టుకుని వెంట పోతున్నాను.

మొన్న ఒక పొద్దున మేం పోయేసరికి స్వామి దగ్గర ఇద్దరు మనుషులు కాచుకుని ఉన్నారు. బనగానపల్లె బస్సు దిగి వచ్చారట. వాళ్లదీ బజారే, అంగళ్లవాళ్లే. వాళ్ల గోడలకు కూడా ఎర్రగీతలు పడ్డాయి. నంద్యాలలో ఒక స్వామి అంగళ్ల వరసను నిలబెట్టాడని విన్నారు. ఆ స్వామిని యాడ చేయించినారు, ఎట్ల చేసినారు అని అడగడానికి వచ్చారు. ఒకాయన కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. ఆ కళ్లు నాకు తెలిసిన కళ్లే. వెనక గోడ మీద పచ్చగీత పడిన వారమంతా అద్దంలో చూసుకున్నాను.

వద్దని చెప్తాడనుకున్నాను. మా సంగతి చెప్పి, ఈ పని మాత్రం చేయకండప్పా అంటాడనుకున్నాను. నేనే నోరు తెరిచి, "అన్నా, ఆ ఆలోచన..." అనేలోపు మామ చెయ్యి ఎత్తాడు.

"చేయించుకోండప్పా. బాగా కాపాడతాడు. ఒకటే మాట. మీ అంగళ్లు యా వరసలో ఉంటే ఆ వరసలోనే పెట్టుకోండి. దిక్కు గిక్కు చూడాకండి. ఎదురు వరస వాళ్లకు ముందే చెప్పాకండి."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర్థమయింది. పాత్రల అక్క గిన్నెలు తుడవడం ఆపి వింటోంది. మా మామ ఎవరికీ తూకంలో మోసం చేసి ఎరుగడు, ఎవరి గిరాకీ లాక్కుని ఎరుగడు. ఆ మనిషి నోట ఈ మాట విన్నాక, మా అంగడి అసలు పోయింది ఈ రోజేననిపించింది. అంగడి కూలినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"చెక్కే ఆయనకు ఫోను కలిపియ్యమ్మా" అన్నాడు మామ, తెర లాగుతూ.

కళ్లు తుడుచుకుని ఆళ్లగడ్డకు ఫోను కలిపాను. వెనక ఉలి చప్పుడు వినిపిస్తోంది. ఇంకో ఊరికి ఇంకో స్వామి కావాలని చెప్పాను. చిన్నాయన సంతోషపడ్డాడు. తర్వాత అప్పుడు అడిగిన మాటే అడిగాడు.

"యా దిక్కుకు చూస్తాడు పాపా?"

ఫోను చేత్తో మూసి, మీ అంగళ్లు ఏ వరసలో ఉన్నాయని వాళ్లను అడిగాను. దక్షిణం వరస అన్నారు.

"ఉత్తరం చూస్తాడు చిన్నాయనా" అన్నాను.

ఉలి చప్పుడు ఆగింది. "ఉత్తరమా? కాపుకు కాదా పాపా?" అన్నాడు.

"కాపుకే" అన్నాను. ఆ ఊళ్లో ఉత్తరం వరసలో ఎవరెవరి అంగళ్లు ఉన్నాయో నేను అడగలేదు.